కచేరీకి వెళ్తే తొమ్మిదేళ్ళు ఎక్కువ బతుకుతామా?

(విజయనగరంలో సీనియర్ సిటిజన్ల సమావేశంలో ఓ చెవి, ముక్కు, గొంతు డాక్టరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం తగ్గించండి బాబూ. చెవుల డాక్టరు మాట్లాడే సభలో కూడా చెవులు పగిలేలా పెడితే ఎలా? (నవ్వులు) ఆ, చాలు. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్ళు "సంగీతం, ఆరోగ్యం" అని టాపిక్ ఇచ్చారు. ఇచ్చి ఊరుకోకుండా ఒక వాట్సాప్ ఫార్వర్డు కూడా పంపారు. రెండు వారాలకోసారి కచేరీకి వెళ్ళేవాళ్ళు తొమ్మిదేళ్ళు ఎక్కువ బతుకుతారని శాస్త్రవేత్తలు తేల్చారట. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ముందు దాని సంగతి చూసి, తర్వాత అసలు విషయానికి వద్దాం.

ఆ లెక్క 2018లో బ్రిటన్‌లో పుట్టింది. చేయించింది ఒక మొబైల్ ఫోన్ కంపెనీ. ఆ కంపెనీ పేరుతోనే లండన్‌లో పెద్ద కచేరీ హాలు ఉంది. (నవ్వులు) అర్థమైంది కదా. ఇరవై నిమిషాలు కచేరీలో ఉంటే మనిషికి హాయి 21 శాతం పెరిగిందన్నారు, హాయిగా ఉన్నవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారని ఇంకెక్కడో ఎవరో అన్న మాట తెచ్చి దానికి అతికించారు, రెండూ కలిపితే తొమ్మిదేళ్ళు వచ్చింది. అంతేగానీ కచేరీలకి వెళ్ళేవాళ్ళని ఏళ్ళ తరబడి వెంటాడి ఎవరు ఎప్పుడు పోయారో లెక్క రాసుకున్నది లేదు.

అలాగని మొత్తం కొట్టిపారేయకండి. మరుసటి ఏడాది, 2019లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అది నిజంగా వెంటాడినదే. ఇంగ్లండులో 50 ఏళ్ళు దాటిన 6,710 మందిని దాదాపు 14 ఏళ్ళు గమనించారు. మ్యూజియం, నాటకం, కచేరీ, ఇలాంటివాటికి కొన్ని నెలలకోసారైనా వెళ్ళేవాళ్ళలో, వాటికి అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే, చనిపోయే అవకాశం 31 శాతం తక్కువగా కనిపించింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళినవాళ్ళలో కూడా 14 శాతం తక్కువ. ఇక్కడ మీరు నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కాళ్ళు బాగున్నవాడే కదా కచేరీకి వెళ్తాడు, డబ్బున్నవాడే కదా టికెట్ కొంటాడు, వాడు ఎలాగూ ఎక్కువ కాలం బతుకుతాడు కదా? నిజమే. ఆరోగ్యం, ఆస్తి, చదువు అన్నీ లెక్కలోకి తీసుకుని చూశాక కూడా కొంత తేడా మిగిలింది, దానికి కచేరీయే కారణమని మాత్రం ఈ రకం అధ్యయనంతో రుజువు కాదు. ఆ మాట రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. నాకు అలాంటివాళ్ళ మీదే నమ్మకం.

సరే, ఆయుష్షు సంగతి అలా ఉంచి, ఆ పూటకి ఒంట్లో ఏమవుతుందో చూద్దాం. అది కొలవడం తేలిక.

బ్రిటన్‌లోనే రెండు కచేరీలకి వచ్చిన 117 మంది దగ్గర, కచేరీకి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఉమ్మి తీసుకుని పరీక్ష చేశారు. ఉమ్మిలో కార్టిసోల్ అనే హార్మోను తెలుస్తుంది. టెన్షన్ వచ్చినప్పుడు పెరిగేది అదే. కచేరీ అయ్యేసరికి అది తగ్గింది. ఇందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. వయసుతో గానీ, అంతకుముందు ఎన్ని కచేరీలు విన్నారన్న దానితో గానీ, సంగీతం వచ్చా రాదా అన్న దానితో గానీ సంబంధం లేకుండా తగ్గింది. "నాకు రాగాలు తెలీవు డాక్టరుగారూ, నేనెందుకు రావడం" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. మోహనకీ కల్యాణికీ తేడా తెలియకపోయినా కార్టిసోల్ తగ్గుతుంది.

మరి ఇంట్లో ఫోన్లో వింటే రాదా? వస్తుంది. 2015లో లాన్సెట్ పత్రికలో, ఆపరేషన్ అయిన వాళ్ళకి సంగీతం వినిపించిన ప్రయోగాలు 70కి పైగా పోగుచేసి లెక్క కట్టారు. నొప్పి తగ్గింది, భయం తగ్గింది, నొప్పి మందులు వాడటం తగ్గింది. ఆస్పత్రి నుంచి తొందరగా ఇంటికి మాత్రం వెళ్ళలేదు, అది కూడా చెప్పాలి. చెవి ఆపరేషన్లు చాలామటుకు మేం ఆ చోటు వరకే మత్తు ఇచ్చి, మనిషి మెలకువగా ఉండగానే చేస్తాం. నేను సన్నగా పాట పెట్టిస్తాను. పేషెంటు అడిగిన పాటే, నాకిష్టమైనది కాదు. ఒకసారి ఒక కుర్రాడు అడిగిన పాట వింటూ కర్ణభేరికి అతుకు వెయ్యడం నాకు పరీక్షే అయింది. (నవ్వులు) కానీ వాడు కదల్లేదు.

అంచేత రికార్డు పాటకీ గుణం ఉంది. ఎదురుగా కూర్చుని వినడంలో ఇంకొంచెం ఎక్కువ ఉంది, ఎందుకో చెప్తాను. 2024లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు భలే ప్రయోగం చేశారు. వినేవాళ్ళని స్కానింగ్ మిషన్‌లో పడుకోబెట్టి, పియానో వాయించేవాళ్ళకి ఆ మెదడులో జరిగేది అప్పటికప్పుడు తెలిసేలా ఏర్పాటు చేశారు. భావోద్వేగాలకి సంబంధించిన అమిగ్డాలా అని ఒక చిన్న భాగం ఉంటుంది, అది ఎంత స్పందిస్తోందో చూసుకుంటూ కళాకారుడు తన వాయింపు మార్చుకుంటూ పోతాడు. అలా వాయించినప్పుడు వచ్చిన స్పందన, అవే ముక్కలు రికార్డు వేసినప్పుడు రాలేదు.

ఇది వినగానే నాకు మన ఊరే గుర్తొచ్చింది. హరికథలకి పేరుపడ్డ ఆదిభట్ల నారాయణ దాసుగారికి స్కానింగ్ మిషన్ అక్కర్లేదు కదండీ. హరిదాసు కాళ్ళకి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, ఎదురుగా ఉన్న జనం ముఖాలు చూస్తూ కథ నడుపుతాడు. జనం ఏడుస్తుంటే ఆ ఘట్టం ఇంకో పద్యం లాగుతాడు, ఆవలిస్తుంటే పిట్టకథ వేస్తాడు, మరీ జోగుతుంటే ఏం చేస్తాడు? శ్రీమద్రమారమణ గోవిందో...

(సభ: హరి!)

చూశారా! ఒక్కరు కూడా ఆగి ఆలోచించలేదు. అంతమంది ఒకే క్షణంలో ఊపిరి తీసుకుని ఒకే క్షణంలో వదిలారు. నేను ఈ పూట చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. చెవిన పడ్డ పాటకి కొంత గుణం ఉంది, మన ఊపిరి కూడా అందులో కలిస్తే గుణం చాలా పెరుగుతుంది.

ఊపిరి సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మామూలుగా ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు. 2001లో ఇటలీకి చెందిన బెర్నార్డి అనే డాక్టరు, ఆయన బృందం, క్రైస్తవుల జపమాల ప్రార్థననీ, బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" మంత్రాన్నీ మనుషుల చేత పలికించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి దిగింది. ఆ వేగంలో గుండె, రక్తపోటు, ఊపిరి మూడూ ఒక లయలో పడతాయి, రక్తపోటుని సర్దే యంత్రాంగం బాగా పనిచేస్తుంది. మతం వేరు, భాష వేరు, ఊపిరి లెక్క ఒకటే. మన భజనలో ఒక చరణం పాడి, వాళ్ళు అందుకునేదాకా ఆగి, మళ్ళీ ఎత్తుకోవడంలో జరిగేది ఇదే. తీసుకోవడం గబుక్కున, వదలడం నెమ్మదిగా. యోగా క్లాసుకి ఫీజు కట్టి నేర్చుకునేది మన అమ్మమ్మలు ధనుర్మాసంలో ఉచితంగా చేసేవారు.

2013లో స్వీడన్‌లో కలిసి పాడేవాళ్ళ గుండె కొట్టుకోవడం కొలిచారు. పాట సాగుతున్న కొద్దీ వాళ్ళ గుండె వేగాలు కలిసి పెరిగి కలిసి తగ్గాయి. మహిమేం లేదు, అందరూ ఒకేచోట ఊపిరి పీలుస్తారు, గుండె ఊపిరి వెంట నడుస్తుంది.

తిరువయ్యారు వెళ్ళినవాళ్ళు ఉన్నారా ఇక్కడ? ఆ అమ్మగారు చెయ్యెత్తారు, ఇంకో మాస్టారు కూడా. పుష్య బహుళ పంచమి, త్యాగరాజ స్వామి 1847లో సిద్ధి పొందిన తిథి. ఏటా ఆ రోజున అక్కడ ఆయన ఆరాధన జరుగుతుంది. కావేరి ఒడ్డున పెద్ద విద్వాంసులు, నిన్నగాక మొన్న సరళీ స్వరాలు దాటిన పిల్లలు పక్కపక్కనే కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఆయన కట్టిన పంచరత్న కృతులు పాడతారు. ఎక్కువమంది తమిళులు, పాడేది మాత్రం తెలుగు (ఒకటి సంస్కృతం). ఆ సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. ఆడవాళ్ళకి అక్కడ పాడే హక్కు ఆవిడ పోరాడితేనే వచ్చింది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో కూడా 1978 నుంచి ఈ ఆరాధన చేస్తున్నారు. మీలో పిల్లలు ఒహాయో వైపు ఉన్నవాళ్ళు వేసవిలో కాకుండా ఈస్టర్ రోజుల్లో టికెట్ వేయించుకోండి, అప్పుడే జరుగుతుంది. అక్కడ ఎవరూ గొప్పగా పాడాలని రారు. వందలమందిలో మన శ్రుతి తప్పినా ఎవరికీ తెలీదు, ఆ ధైర్యమే సగం వైద్యం.

ఇప్పుడు నాకు బాగా దగ్గరైన విషయం. పక్షవాతం.

మా విభాగంలో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు ఉంటారు. పక్షవాతంలో మెదడు ఎడమవైపు దెబ్బతింటే కొందరికి మాట పోతుంది. ఎదుటివాళ్ళు అనేది అర్థమవుతుంది, చెప్పాల్సింది లోపల ఉంటుంది, నోట్లోంచి మాత్రం రాదు. ఒక రిటైర్డు మాస్టారుని తీసుకొచ్చారు. మంచినీళ్ళు కావాలని అడగలేరు. నీ... నీ... అని ఆగిపోయి, విసుగొచ్చి, కళ్ళ నీళ్ళు పెట్టుకునేవారు. వాళ్ళావిడ రోజూ ఉదయం పక్కన కూర్చుని శ్లోకాలు చదువుకోవడం అలవాటు. ఒకరోజు "శ్రీరాఘవం దశరథాత్మజ మప్రమేయం" అని ఆవిడ ఎత్తుకుని, ఎవరో పిలిస్తే మధ్యలో ఆపారు. ఈయన మిగతా మూడు పాదాలూ చదివేశారు. తడబాటు లేకుండా! ఆవిడ పరుగున వచ్చి "మాట వచ్చేసింది" అన్నారు. రాలేదు. నీళ్ళు కావాలా అంటే మళ్ళీ నీ... నీ...

ఇది వింతేం కాదు, చాలాకాలంగా వైద్యులు చూస్తున్నదే. మాటకి ఎడమవైపు మెదడు ముఖ్యం, రాగానికి, కంఠస్థం వచ్చిన వరసకి కుడివైపు కూడా గట్టిగా పనిచేస్తుంది. దీన్ని పట్టుకుని 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఒక పద్ధతి తయారుచేశారు. మామూలు మాటని రెండు స్వరాల్లో, ఒకటి పైన ఒకటి కింద, పాటలా సాగదీసి చెప్పిస్తారు. "నీ...ళ్ళు కా...వాలి". ఒక్కో అక్షరానికి ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేయిస్తారు. నెలల తరబడి చేశాక నెమ్మదిగా రాగం తీసేస్తారు, తాళం తీసేస్తారు, మాట మిగులుతుంది. అందరికీ పనిచెయ్యదు. పనిచేసినవాళ్ళ ఇంట్లో అది చిన్న విషయం కాదు. 2011లో అమెరికాలో గాబ్రియెల్ గిఫర్డ్స్ అనే పార్లమెంటు సభ్యురాలికి తలలో తూటా దిగింది, ఆవిడ మళ్ళీ మాట్లాడటం నేర్చుకున్న చికిత్సలో పాట కూడా ఉంది. మన మాస్టారికి ఏమైందంటారా? పూర్తిగా రాలేదు. కాఫీ, నీళ్ళు, మనవడి పేరు, ఇంకో ఇరవై ముప్ఫై మాటలు వచ్చాయి. ఎడమ చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ అడుగుతారు.

2008లో ఫిన్లాండు వాళ్ళు ఇంకోటి చూపించారు. పక్షవాతం వచ్చిన కొత్తలో 60 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు రోజూ తమకిష్టమైన పాటలు విన్నారు, ఒక జట్టు చదివి రికార్డు చేసిన పుస్తకాలు విన్నారు, మూడో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. రెండు నెలలు. అందరికీ మామూలు వైద్యం జరుగుతూనే ఉంది. పాటలు విన్నవాళ్ళకి మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మిగతావాళ్ళకంటే బాగా కోలుకున్నాయి, దిగులు కూడా తక్కువ. "తమకిష్టమైన పాటలు" అన్నది గుర్తుపెట్టుకోండి. మంచం మీద ఉన్న నాన్నగారికి మీకు నచ్చిన భక్తి పాటలు పెట్టి వెళ్ళిపోకండి, ఆయనకి ఘంటసాల విరహ గీతాలు ఇష్టమేమో అడగండి. (నవ్వులు) ఘంటసాల మన సంగీత కళాశాలలో చదివినవారే కదా, సుశీలమ్మ కూడా. 1919లో పెట్టిన ఆ కళాశాల, చూపు లేని ఒక కుర్రాడి కోసం రాజావారు పెట్టించారని ఇక్కడ చెప్పుకుంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారికీ చూపు సరిగా ఉండేది కాదు, అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు.

పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్ళు నడుస్తూ నడుస్తూ కాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. వాళ్ళకి తాళం వినిపిస్తే అడుగు పడుతుంది, ఇది 1990ల నుంచి బాగా పరిశోధన జరిగిన విషయం. మన వైపు తప్పెట వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళు చూస్తుంటే కుర్చీలో కూర్చున్నవాడి కాలు కూడా దానంతట అదే ఆడుతుంది కదా. మెదడులో వినే భాగానికీ కదిలించే భాగానికీ ఉన్న దారి అంత దగ్గర.

రాగ చికిత్స గురించి చెప్పమని ఎవరో చీటీ పంపారు. ఫలానా రాగం వింటే షుగరు తగ్గుతుంది, ఫలానా రాగానికి బీపీ తగ్గుతుంది అని పట్టికలు తిరుగుతున్నాయి. నేను నమ్మను. నీలాంబరి రాగానికి నిద్ర వస్తుందంటే సరే, నెమ్మదిగా సాగే ఏ పాటకైనా వస్తుంది. ఇందాక చెప్పిన బెర్నార్డిగారే 2006లో మన హిందుస్తానీ రాగంతో సహా ఆరు రకాల సంగీతం వినిపించి కొలిచారు. గుండె వేగం పెరగడం, తగ్గడం పాట నడక మీద ఆధారపడింది, రకం మీద కాదు. పాటల మధ్య ఇచ్చిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో ఒళ్ళు అన్నిటికంటే ఎక్కువ తేలికపడింది. ముత్తుస్వామి దీక్షితులవారు కడుపునొప్పి వచ్చిన శిష్యుడి కోసం అఠాణ రాగంలో బృహస్పతి మీద కృతి కట్టారని కథ చెప్తారు. ఆ కథలో కూడా ఆయన పాడి వినిపించడం లేదు, శిష్యుడికి నేర్పి వాడి చేత పాడించారు. ఏదేమైనా బీపీ మాత్ర మానకండి, మాత్ర వేసుకుని కచేరీకి రండి.

ఇక నా అసలు వృత్తి. చెవులు.

ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు సుమారు 15,000 ఉంటాయి. చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ శబ్దం ఎనిమిది గంటలు తట్టుకుంటాయి. ఆ పైన మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. ఊరేగింపులో డీజే బండి వెనక మన పిల్లలు ఎంతసేపు ఉంటారో మీరే చెప్పండి. మర్నాడు చెవిలో గుయ్‌మంటోందని వస్తారు, రెండ్రోజుల్లో తగ్గిపోతే సంతోషిస్తారు. తగ్గింది గుయ్యే, పోయిన కణాలు పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ హాళ్ళకి ప్రమాణాలు పెట్టింది: సగటున 100 డెసిబెల్స్ దాటకూడదు, చెవిలో పెట్టుకునే ప్లగ్గులు అందుబాటులో ఉండాలి, చెవులకి విశ్రాంతినిచ్చే చోటు ఒకటి ఉండాలి. మన దేశంలో 2000 నుంచి నిబంధన ఉంది, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదని. ఉంది అంతే. హైదరాబాద్‌లో 2024 అక్టోబరులో పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు, ఆ కబురు చదివి నేను మా ఇంట్లో పాయసం చేయించాను. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు నాక్కాదు, ఆ పాయసానికి.

పెద్ద సౌండు కచేరీకి వెళ్తే స్పీకరుకి దూరంగా నిలబడండి, మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోండి. దూది చాలదు. భజన కూడా ఆలయంలో నోటితో చేస్తే వైద్యం, అదే భజన మైకులో వీధి మొత్తానికి తెల్లవారుజామున వినిపిస్తే పక్కింటివాడికి బీపీ. ఇది దేవుడి మీద కోపంతో అనడం లేదు, నేనూ శనివారం భజనకి వెళ్ళేవాణ్ణే.

సరే, ప్రశ్నలుంటే అడగండి. ఆ మాస్టారు.

(ప్రశ్న: డాక్టరుగారూ, నాకు హియరింగ్ ఎయిడ్ ఉంది. మాటలు బాగానే వినబడతాయి గానీ కచేరీకి వెళ్తే వయొలిన్ వంకరగా, వణికినట్టు వినిపిస్తోంది. వెళ్ళడమే మానేశాను.)

మానకండి మాస్టారూ. తప్పు మీ చెవిదీ కాదు, వయొలిన్‌దీ కాదు. ఆ మిషన్‌ని మాట కోసం సర్దుతారు. లోపల కీచుమనే శబ్దాన్ని ఆపే ఏర్పాటు ఉంటుంది. వయొలిన్ గానీ వేణువు గానీ ఒకే స్వరం మీద నిలబడితే, అది కీచు శబ్దమే అనుకుని మిషన్ దాన్ని నొక్కెయ్యబోతుంది. మీకు వణుకులా వినిపించేది అదే. ఈమధ్య మిషన్లలో చాలావాటికి "మ్యూజిక్ ప్రోగ్రాం" అని విడిగా ఉంటుంది, అమ్మినవాళ్ళు చెప్పరు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్ళి అది ఆన్ చెయ్యమనండి, బటన్ నొక్కి మార్చుకునేలా. వెళ్ళేటప్పుడు మీకు బాగా తెలిసిన పాట ఒకటి ఫోన్లో తీసుకెళ్ళి, అక్కడే వింటూ సర్దించుకోండి. హాల్లో స్పీకరు పక్కన కూర్చోకండి, మధ్య వరసలో కూర్చోండి. అప్పటికీ బాగోకపోతే మా ఆస్పత్రికి రండి, చూద్దాం.

ఇంకెవరైనా? ఆ అమ్మా, మీరు చెప్పండి.